వీఎంలకు కాదు, వీఎంలను నడిపే హోస్టుకు అప్‌డేట్లు: లారీలు ఆగకుండా ఎలా వేయాలి?

మిల్లు_సిస్టమ్స్ (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ల పని చూసుకుంటాను. మా దగ్గర రెండు సర్వర్లు ఉన్నాయి. 2022లో నాకన్నా ముందు పని చేసిన వారు రెండింటి మీదా ప్రాక్స్‌మాక్స్ 7.2 (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను, నడిపే సాఫ్ట్‌వేర్) వేసి క్లస్టర్‌గా కలిపి వెళ్లారు. మొత్తం ఆరు వీఎంలు నడుస్తున్నాయి: ట్యాలీ, బిల్లింగ్, సీఎంఆర్ బియ్యం లెక్కల డేటాబేస్, ఫైల్ సర్వర్, సీసీ కెమెరాల రికార్డింగ్, ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది లారీల కాటా సాఫ్ట్‌వేర్.

వీఎంల లోపలి విండోస్‌కు ప్రతి నెలా అప్‌డేట్లు వేస్తూనే ఉన్నాను. హోస్టును, అంటే వీఎంలను నడిపే సర్వర్‌ను, మాత్రం ఇంతవరకు ముట్టుకోలేదు. పోయిన వారం ధైర్యం చేసి ఒక హోస్టులో ఆప్ట్ అప్‌డేట్ కమాండ్ ఇస్తే, ప్రాక్స్‌మాక్స్ రిపాజిటరీ (ప్యాకేజీలు దింపుకునే చోటు) దగ్గర 401 అనే ఎర్రర్ వచ్చి ఆగింది. మా సేటు "నాలుగేండ్ల నుంచి నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తావు, సీజన్‌లో కాటా ఆగితే లారీలు రోడ్డెక్కుతాయి" అంటున్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. హోస్టుకు నిజంగా అప్‌డేట్లు అవసరమా, అవసరమైతే కాటా ఆగకుండా ఎలా వేయాలి, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలమూరు_రూట్ (మహబూబ్‌నగర్)

ముందు ఆ 401 సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మన జిల్లాల్లో నేను చూసిన ప్రాక్స్‌మాక్స్ సర్వర్లలో చాలావాటిది ఇదే కథ. ప్రాక్స్‌మాక్స్ కొత్తగా వేసినప్పుడు డబ్బు కట్టిన వారికి ఉద్దేశించిన ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీయే మొదట ఆన్ అయి ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్ లేకపోతే అది 401 అని తిప్పి పంపుతుంది. ప్రాక్స్‌మాక్స్‌కు ఆధారమైన డెబియన్ లినక్స్ రిపాజిటరీలు మాత్రం మామూలుగా పలుకుతాయి కాబట్టి కొన్ని ప్యాకేజీలు కొత్తవి వస్తాయి, చూసేవారికి అంతా బాగానే ఉన్నట్లు అనిపిస్తుంది. కానీ కెర్నల్ (హోస్టు ఆపరేటింగ్ సిస్టమ్ గుండె), వీఎంలను నిజంగా నడిపే క్యూఎము, రెండూ ప్రాక్స్‌మాక్స్ వారి రిపాజిటరీ నుంచే రావాలి. అంటే మీ దగ్గర వీఎంల గోడలకు సున్నం పడుతూనే ఉంది, పునాదిని మాత్రం 2022 నుంచి ఎవరూ చూడలేదు.

సబ్‌స్క్రిప్షన్ కొనలేకపోతే "నో-సబ్‌స్క్రిప్షన్" రిపాజిటరీని ఆన్ చేసుకోండి. అందులోని ప్యాకేజీలకు ఎంటర్‌ప్రైజ్ వాటికి జరిగినంత పరీక్ష జరగదు, అయినా ఏమీ రాకపోవడం కంటే అది వంద రెట్లు నయం. ఇంకో మాట: 7వ వెర్షన్‌కు 2024 జూలైలోనే మద్దతు ముగిసింది. కాబట్టి మీరు ముందు 7.4కు వెళ్లి, అక్కడి నుంచి 8కి ఎక్కాలి. 8కి 2026 ఆగస్టు వరకు గడువు ఉంది, వానకాలం కోతలు మొదలయ్యే లోపు 9 సంగతి చూసుకోవచ్చు.

సూర్యాపేట_హార్డ్‌వేర్

నాది వేరే అభిప్రాయం, తప్పైతే సరిదిద్దండి. ఆ రెండు హోస్టులూ ఫైర్‌వాల్ వెనక ఉన్నాయి, ఇంటర్నెట్ నుంచి ఎవరూ వాటిని చూడలేరు. వీఎంలోంచి హోస్టులోకి దూకడం అనేది భద్రతా సదస్సుల్లో చూపించే విద్య, మిల్లుల్లో జరిగేది కాదు. నేను చూసుకునే ఒకచోట ప్రాక్స్‌మాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ 6.7 వేసి ఏండ్లు గడిచాయి, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. అప్‌డేట్ వేసి చెడగొట్టుకున్న వారిని మాత్రం చాలామందిని చూశాను. 2022 జనవరి 11న వచ్చిన విండోస్ అప్‌డేట్‌తో సర్వర్ 2012 ఆర్2లో వీఎంలను నడిపే హైపర్-వీయే లేవలేదు, 17న మళ్లీ ప్రత్యేకంగా ఇంకో అప్‌డేట్ విడుదల చేస్తే తప్ప అది సర్దుకోలేదు. ఆ వారం రోజులు సీజన్‌లో పడి ఉంటే సేటుకు ఏం సమాధానం చెబుతాం?

ల్యాబ్_ఇన్‌చార్జి (నల్లగొండ)

సూర్యాపేట అన్న చెప్పిన హైపర్-వీ ఉదంతం నిజమే. అందుకే నేను ఏ అప్‌డేట్‌నూ వచ్చిన రోజే వేయను, వారం పది రోజులు ఆగి, ఇతరుల అనుభవాలు చదివి వేస్తాను. వారం ఆగడం వేరు, నాలుగేండ్లు ఆగడం వేరు కదా.

వీఎంలోంచి హోస్టులోకి దూకడం ఎలా సాధ్యమో చాలామందికి బొమ్మ కట్టదు కాబట్టి ఒక పాత ఉదాహరణ చెబుతాను. 2015 మే నెలలో వెనమ్ అనే లోపం బయటపడింది, దాని సంఖ్య సీవీఈ-2015-3456. వీఎంకు తాను నిజమైన యంత్రం మీదే ఉన్నాననే భ్రమ కల్పించడానికి క్యూఎము చాలా పరికరాలను సాఫ్ట్‌వేర్‌తో నటిస్తుంది: డిస్కు, నెట్‌వర్క్ కార్డు, ఆఖరికి ఫ్లాపీ డ్రైవు కూడా. ఆ ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో ఒక బఫర్ ఉంది, దానికి పట్టే దానికన్నా ఎక్కువ డేటా పంపితే పొంగి పొర్లి పక్కనున్న మెమరీ మీద పడుతుంది. ఆ మెమరీ వీఎంది కాదు, హోస్టు మీద నడిచే క్యూఎము ప్రాసెస్‌ది. తప్పు 2004 నుంచే కోడ్‌లో ఉంది, అంటే పదకొండేండ్లు ఎవరి కంటా పడలేదు. ఫ్లాపీ పెట్టుకోకపోయినా, తీసేశామనుకున్నా, ఆ కోడ్ లోపల పని చేస్తూనే ఉండేది. క్యూఎము మీద ఆధారపడే కేవీఎం, జెన్‌లతో పాటు వర్చువల్‌బాక్స్‌కూ అదే దెబ్బ తగిలింది. వీఎంవేర్, హైపర్-వీలకు తగలలేదు.

"వీఎంవేర్‌కు తగలలేదు" అన్నాను కదా అని నిశ్చింతగా ఉండనక్కర లేదు. 2025 మార్చి 4న వీఎంవేర్ మూడు లోపాలను ఒకేసారి ప్రకటించింది. వాటిలో తీవ్రమైన సీవీఈ-2025-22224కు తీవ్రతలో పదికి 9.3 మార్కులు. వీఎంలో అడ్మిన్ హక్కులు దొరికిన వాడు హోస్టు ప్రాసెస్‌లో తన కోడ్ నడిపించగలడు. ప్రకటన నాటికే బయట దాడుల్లో వీటిని వాడుతున్నారని వారే చెప్పారు. అది సదస్సు విద్య దశ ఎప్పుడో దాటింది.

మా కళాశాల ల్యాబ్‌లో పిల్లలకు వీఎంలలో రూట్ (పూర్తి అడ్మిన్) హక్కులు మేమే ఇస్తాం, చదువుకోవాలంటే తప్పదు. అంటే దాడికి కావలసిన మొదటి మెట్టు మేమే కట్టి ఇచ్చినట్లు. మీ మిల్లులో ట్యాలీ వీఎంలో కూర్చునే వారు అడ్మిన్ లాగిన్‌తోనే మెయిల్ తెరుస్తారా? తెరిస్తే మీ పరిస్థితీ మాదానికి పెద్ద దూరం కాదు.

మిల్లు_సిస్టమ్స్ (మిర్యాలగూడ)

అడ్మిన్ లాగిన్‌తోనే తెరుస్తారు సార్. ప్రింటర్ పని చేయడం లేదని రెండేండ్ల కింద నేనే అలా ఇచ్చాను.

రాత్రిపాళీ (జడ్చర్ల)

నేను పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాను, మావి ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టులు. పైన జరిగిన వాదంలో ఇద్దరూ కొంత కొంత సరిగానే చెప్పారని నా అభిప్రాయం. మన స్థాయి సంస్థలకు వీఎం నుంచి దూకడం కంటే హోస్టును నిర్వహించుకునే మేనేజ్‌మెంట్ తలుపులోంచి నేరుగా నడిచి రావడమే ఎక్కువ ప్రమాదం. 2023 ఫిబ్రవరి 3న మొదలైన ఈఎస్‌ఎక్స్‌ఐ-ఆర్గ్స్ దాడి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాడుకున్నది కొత్త లోపం కాదు. 427 పోర్టులో వినే ఓపెన్‌ఎస్‌ఎల్‌పీ అనే చిన్న సర్వీసులోని సీవీఈ-2021-21974ను వాడి ఉంటారని నిపుణులు భావించారు, దానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరి 23నే వచ్చింది. అంటే రెండేండ్లు ప్యాచ్ చేతిలో ఉండి కూడా వేయని వారి వీఎంల ఫైళ్లు తెల్లారేసరికి తాళాలు పడి కనిపించాయి. ఆ దాడి చేసిన వారు మొదట్లో పెద్ద డిస్కు ఫైళ్లను పూర్తిగా పాడు చేయలేకపోయారు కాబట్టి, అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా విడుదల చేసిన స్క్రిప్టుతో కొందరు వాటిని తిరిగి నిలబెట్టుకోగలిగారు. కొద్ది రోజులకే వాళ్లు ఆ లొసుగునూ మూసేశారు.

వీఎంలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడితే ఒక్క వీఎం పోతుంది. హోస్టులో పడితే ఆరు వీఎంలూ ఒకేసారి పోతాయి, బ్యాకప్ కూడా ఆ హోస్టు డిస్కులోనే ఉంటే అదీ పోతుంది. సేటుకు ఈ ఒక్క మాట అర్థమయ్యేలా చెప్పండి, మిగతా సాంకేతిక సంగతులు ఆయనకు అక్కర లేదు. ఇంకో విషయం ఆయనకు తప్పకుండా చెప్పాలి: 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటల్లో వారికి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఇది కంపెనీలకూ వర్తిస్తుంది. లాగ్‌లు అదే హోస్టులో దాచుకుంటే ఆ రోజున ఏం చూపిస్తాం?

సూర్యాపేట_హార్డ్‌వేర్

నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా సమస్య వేరే. ఆ 6.7 ఉన్న సర్వర్‌లో డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డును కొత్త వెర్షన్ గుర్తించడం లేదు. పైగా 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్న తర్వాత, అదే డిసెంబరు నుంచి శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేశారు. కొత్త సర్వర్‌కు యజమాని ఈ సంవత్సరం డబ్బులు ఇవ్వరు. ఇప్పుడు నేనేం చేయాలి?

రాత్రిపాళీ (జడ్చర్ల)

6.5కూ 6.7కూ సాధారణ మద్దతు 2022 అక్టోబరు 15తోనే ముగిసింది, 7.0కు కూడా 2025 అక్టోబరు 2తో అయిపోయింది. కాబట్టి మీ దగ్గర ఉన్నది మందు లేని రోగి, కనీసం గాలి తగలకుండా పడుకోబెట్టండి. మేనేజ్‌మెంట్ కేబుల్‌ను వేరే వీల్యాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్‌లో) పెట్టి, మీ ఒక్క కంప్యూటర్ నుంచి తప్ప ఎక్కడి నుంచీ దాన్ని తెరవలేకుండా చేయండి. ఎస్‌ఎల్‌పీ సర్వీసును ఆపేయండి, కొత్త వెర్షన్లలో అది వచ్చేటప్పుడే ఆపి ఇస్తున్నారు. హోస్టు యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో (సంస్థ లాగిన్‌లన్నీ ఒకచోట చూసే మైక్రోసాఫ్ట్ వ్యవస్థలో) చేరి ఉంటే బయటికి తీయండి. డొమైన్‌లో "ఈఎస్‌ఎక్స్ అడ్మిన్స్" అనే పేరుతో ఎవరైనా ఒక గ్రూపు సృష్టించుకుంటే చాలు, అందులోని వారందరికీ హోస్టు మీద పూర్తి అధికారం వచ్చేసేది. 2024 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ సంగతి బయటపెట్టే నాటికి రాన్సమ్‌వేర్ ముఠాలు దాన్ని వాడుకుంటున్నాయి. బ్యాకప్‌ను మాత్రం వేరే యంత్రానికి, వేరే పాస్‌వర్డ్‌తో పంపండి. ఇవన్నీ చేసినా ఇది తాత్కాలికమేనని యజమానికి కాగితం మీద రాసి ఇచ్చి, సంతకం తీసుకోండి. సంతకం అడిగినప్పుడు డబ్బులు దొరకడం నేను చూశాను.

పాలమూరు_రూట్ (మహబూబ్‌నగర్)

మిర్యాలగూడ తమ్ముడి పనికి వద్దాం. రెండు సర్వర్లే ఉన్న క్లస్టర్‌లో అందరూ తప్పటడుగు వేసేది కోరం (సగానికి మించి ఓట్లు ఉండాలనే నియమం) దగ్గర. ఒక సర్వర్‌ను రీస్టార్ట్ చేయగానే రెండోదానికి సగం ఓట్లే మిగులుతాయి, సగం అంటే మెజారిటీ కాదు. అప్పుడు నడుస్తున్న వీఎంలు నడుస్తూనే ఉంటాయి కానీ, ఏదైనా ఆగితే మళ్లీ స్టార్ట్ చేయనివ్వదు, సెట్టింగులు మార్చనివ్వదు. హెచ్‌ఏ (ఒక సర్వర్ పడితే వీఎంలను ఇంకోదానిలో తానే లేపే ఏర్పాటు) ఆన్ చేసి ఉంటే ఇంకా ఘోరం: కోరం పోయిన సర్వర్ నిమిషం తిరిగేలోగా తనంతట తానే రీస్టార్ట్ అయిపోతుంది, మీరు ఒకదాన్ని ఆపబోయి రెండింటినీ పడుకోబెట్టిన వారవుతారు. కాబట్టి ముందుగా హెచ్‌ఏ ఉందేమో చూసి, ఉంటే ఆ వీఎంలను అందులోంచి తీయండి. ఆఫీసులో మూల పడ్డ పాత కంప్యూటర్‌లో డెబియన్ వేసి దాన్ని క్యూడివైస్‌గా చేర్చుకుంటే మూడో ఓటు వస్తుంది, ఈ బాధ శాశ్వతంగా తీరుతుంది.

తరువాత వీఎంల బ్యాకప్ తీసి, కనీసం ఒకదాన్ని వేరే నంబరుతో రీస్టోర్ చేసి అది లేస్తుందో లేదో చూడండి. లేపి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. స్నాప్‌షాట్ (అదే డిస్కులో దాచే ఆ క్షణపు స్థితి) దానికి బదులు కాదు, డిస్కు పోతే స్నాప్‌షాట్ కూడా దానితోనే పోతుంది.

రెండు సర్వర్లనూ 7.4కు తెచ్చాక, పీవీఈ-7-టు-8 అనే చెకింగ్ స్క్రిప్టు నడిపించండి, అది ఎర్రగా చూపినవన్నీ సరి చేయకుండా ముందుకు వెళ్లకండి. ఆ తరువాత మొదటి సర్వర్ మీది వీఎంలను రెండోదానికి లైవ్ మైగ్రేషన్‌తో (ఆపకుండానే) పంపి, ఖాళీ అయిన దాన్ని 8కి ఎక్కించి రీస్టార్ట్ చేయండి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి నడుస్తున్న వీఎంను పంపవచ్చు, కొత్తదాని నుంచి పాతదానికి పంపలేరు. అందుకని మొదటి సర్వర్ బాగుందని పూర్తిగా నమ్మకం కుదిరాకే వీఎంలను వెనక్కి తెండి. ప్రాక్స్‌మాక్స్‌లో "ఆప్ట్ అప్‌గ్రేడ్" వాడవద్దు, "డిస్ట్-అప్‌గ్రేడ్" మాత్రమే వాడాలి. రెండు సర్వర్ల ప్రాసెసర్లు వేర్వేరు తరాలవైతే, వీఎంలో సీపీయూ రకం "హోస్ట్" అని ఉందేమో చూడండి. ఉంటే నడుస్తున్న వీఎం అవతలికి వెళ్లి కుప్పకూలే ప్రమాదం ఉంది.

మీ కాటా వీఎం గురించి ఒక అనుమానం. కాటా ఇండికేటర్ నుంచి వచ్చే సీరియల్ కేబుల్‌ను యూఎస్‌బీ ద్వారా వీఎంకు నేరుగా ఇచ్చారా?

మిల్లు_సిస్టమ్స్ (మిర్యాలగూడ)

అవునన్నా. రెండో సర్వర్ వెనక యూఎస్‌బీలో కన్వర్టర్ పెట్టి, పాస్‌త్రూ ఇచ్చారు.

పాలమూరు_రూట్ (మహబూబ్‌నగర్)

అయితే ఆ ఒక్క వీఎం లైవ్‌గా కదలదు. కేబుల్ ఒక సర్వర్‌కు కట్టేసి ఉన్నప్పుడు వీఎం ఇంకో సర్వర్‌కు ఎలా పోతుంది? దానికి మాత్రం కాటా ఆగే గంట మీరే వెతుక్కోవాలి. ముందు ముందు ఆ కన్వర్టర్ స్థానంలో నెట్‌వర్క్ మీద పని చేసే సీరియల్ సర్వర్ బాక్సు ఒకటి పెట్టుకుంటే ఈ ముడి విడిపోతుంది.

గద్వాల_నెట్

ఒక చిన్న జాగ్రత్త చెప్పి వెళ్తాను. కొత్త కెర్నల్‌తో లేచినప్పుడు నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోవచ్చు. నాకు ఒకసారి పాత పేరు చివర "ఎన్‌పీ0" అని మూడు అక్షరాలు కొత్తగా చేరాయి. వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జి సెట్టింగులో పాత పేరే ఉంది కాబట్టి సర్వర్ లేచింది కానీ నెట్‌వర్క్ లేవలేదు. నేను ఇంట్లో కూర్చుని పింగ్ చూస్తున్నాను, అవతల సర్వర్ హాయిగా నడుస్తోంది. చివరికి అర్ధరాత్రి బండి మీద మానిటర్ కట్టుకుని వెళ్లి, ఒక ఫైల్‌లో ఆ మూడు అక్షరాలు చేర్చి వచ్చాను. అందుకని మానిటర్, కీబోర్డు ముందే సర్వర్ పక్కన పెట్టుకోండి. పాత కెర్నల్ బూట్ మెనూలో ఉంటుంది, అవసరమైతే దానితో లేపవచ్చు.

మిల్లు_సిస్టమ్స్ (మిర్యాలగూడ)

అందరికీ ధన్యవాదాలు. పని అయిపోయింది. పాత బిల్లింగ్ కంప్యూటర్‌ను క్యూడివైస్‌గా చేర్చాను. ఆదివారం మొదటి సర్వర్ 8.4కు ఎక్కింది. నాలుగు వీఎంలు నడుస్తూనే అటూ ఇటూ వెళ్లి వచ్చాయి, ట్యాలీలో కూర్చున్న వారికి తెలియనే లేదు. కెమెరాల వీఎం డిస్కు పెద్దది కాబట్టి దాన్ని ఆపి పంపాను. రెండో సర్వర్‌లో కూడా ప్యాకేజీలన్నీ వేశాను, వెబ్ పేజీలో 8.4 అని కనిపిస్తోంది. కాటా వీఎంకు విండోస్ లోపల్నుంచి రీస్టార్ట్ ఇచ్చాను, రెండు నిమిషాల్లో లేచింది, ఒక్క లారీ కూడా ఆగలేదు. ట్యాలీ వారి అడ్మిన్ హక్కులు కూడా తీసేశాను, ప్రింటర్ పని చేస్తోంది.

ల్యాబ్_ఇన్‌చార్జి (నల్లగొండ)

అభినందనలు. కానీ రెండో సర్వర్‌ను హోస్టుగా రీస్టార్ట్ చేశారా? మీరు రాసినదాన్ని బట్టి చేయలేదనిపిస్తోంది. వెబ్ పేజీలో కనిపించేది డిస్కు మీద వేసిన ప్యాకేజీ వెర్షన్. నడుస్తున్న వీఎం మాత్రం తాను పుట్టినప్పుడు మెమరీలోకి ఎక్కిన క్యూఎముతోనే నడుస్తూ ఉంటుంది. విండోస్ లోపల్నుంచి రీస్టార్ట్ ఇస్తే లోపలి విండోస్ మళ్లీ లేస్తుంది తప్ప, హోస్టు మీది క్యూఎము ప్రాసెస్ చావదు. వీఎంను పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి, లేదా వేరే సర్వర్‌కు లైవ్‌గా పంపాలి. కెర్నల్ మారాలంటే హోస్టునే రీస్టార్ట్ చేయాలి. క్యూఎం స్టేటస్ కమాండ్‌కు వెర్బోస్ చేర్చి ఇస్తే "రన్నింగ్-క్యూఎము" అనే వరుస వస్తుంది, అందులో ఏముందో చూసి చెప్పండి.

మిల్లు_సిస్టమ్స్ (మిర్యాలగూడ)

చూశాను సార్. మిగతా ఐదు వీఎంలకు 9.2 అని ఉంది. కాటా వీఎంకు 6.2. హోస్టు కెర్నల్ కూడా ఇంకా 5.15 దగ్గరే ఉంది. ప్యాకేజీలు వేసి మూడు రోజులైంది, ఈ మూడు రోజులూ అయిపోయిందనుకునే నిద్రపోయాను.

పాలమూరు_రూట్ (మహబూబ్‌నగర్)

సగం ఎక్కిన సర్వర్‌ను అలా ఉంచవద్దు తమ్మీ, ఈ రాత్రే పూర్తి చేయండి.

మిల్లు_సిస్టమ్స్ (మిర్యాలగూడ)

ఆఖరి లారీ 11:40కి కాటా దిగింది. గేటు దగ్గర చెప్పి, కాటా వీఎంను షట్‌డౌన్ చేసి, హోస్టును రీస్టార్ట్ చేశాను. నెట్‌వర్క్ కార్డు పేరు మారలేదు, మానిటర్ ఊరికే మోసుకెళ్లాను. కెర్నల్ 6.8, కాటా వీఎం క్యూఎము 9.2. కన్వర్టర్‌ను వీఎం గుర్తించింది కానీ కామ్ పోర్టు నంబరు 3 నుంచి 4కు మారింది, కాటా సాఫ్ట్‌వేర్‌లో దాన్ని మార్చాక బరువు వచ్చింది. వాచ్‌మన్‌ను కాటా మీద నిలబెట్టి చూశాం. ఆయన బరువు కాటాకు ఆనలేదు, సున్నా చూపించింది. మిల్లు ట్రాక్టర్ తెచ్చి ఎక్కిస్తే సాయంత్రం చీటీలో ఉన్న బరువే వచ్చింది. సీరియల్ బాక్సుకు సేటు ఒప్పుకున్నారు.